కూలని గోడ

గోడ పడలేదు. ఇనుప తాడు కట్టి లారీతో లాగితే చక్రాలు ఇసుకలో గిరగిరా తిరిగాయి, దుమ్ము లేచింది, గోడ మాత్రం కదల్లేదు. మూడు కెమెరాల వెనకున్న వాళ్ళందరూ కొయ్యబారిపోయారు. అందరికన్నా ఎక్కువ కొయ్యబారింది నేను. ఎందుకంటే ఆ గోడ కట్టింది నేనే.

నా పేరు దేవదాసు. జగిత్యాల నుంచి వచ్చి పదహారేళ్ళుగా ఒమన్‌లో మేస్త్రీ పని చేస్తున్నాను. బహ్లా దగ్గర హోలిస్ గ్రేడీ అనే అమెరికా డైరెక్టర్ సినిమాకు మట్టి ఇల్లు కట్టే పని మా కంపెనీకి దొరికింది. ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్ళు, ఇదే ఆఖరి సినిమా. ఇంతకుముందు తీసిన పదకొండు సినిమాల్లోనూ చివర ఒక ఇల్లు కూలుతుందట. ఆయన తొమ్మిదేళ్ళప్పుడు సుడిగాలికి ఇల్లు కూలి, లోపలున్న తల్లి చనిపోయిందని మా ఫోర్‌మన్ జిలాని ఫోన్‌లో చదివి చెప్పాడు.

"ఉత్త ఇటుకలు పేర్చు, పైన మట్టి పుయ్యి, అంతే. లాగంగనే పడాలె," అన్నాడు జిలాని.

అక్కడే నా తిక్క అడ్డొచ్చింది. ఆ గదిలో ముసలి నటి మూడు రోజులు పొయ్యి ముందు కూర్చోవాలి. ఇనుప చువ్వ లేని గోడ కింద మనిషిని కూర్చోబెడతారా? నా వల్ల కాలేదు. ఎవరికీ చెప్పకుండా మూలమూలకూ చువ్వలు దించి, కాంక్రీటు పోసి, వారం రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు పట్టాను. లారీ ముందు గోడెంత, ఎట్లాగూ పడుతుందనుకున్నాను. ఏం తెలివి నాది!

మట్టి రాలిన చోట చువ్వ చూసి జిలాని తల పట్టుకున్నాడు. "ఏం జేసినవ్‌రా! రేపే నిన్ను విమానం ఎక్కిస్తరు."

గ్రేడీ మెల్లగా నడిచి వచ్చి, చువ్వను వేలితో తడిమి ఏదో అడిగాడు.

"ఎందుకు పెట్టినవంటుండు," జిలాని తెలుగులో చెప్పాడు.

"లోపల ఆమె కూసుంటది గద సార్. మీద పడితె?"

జిలాని ఇంగ్లీషులో చెప్పాడు. ముసలాయన చాలాసేపు నా చేతులకేసి చూసి ఒక్క మాటన్నాడు. జిలాని నా వైపు తిరిగాడు.

"డెబ్బై ఏండ్లు లేటొచ్చినవంటుండు."

తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

ఆయన లారీకి కట్టిన తాడు విప్పించి, లోపలికి వెళ్ళి, పొయ్యి పక్కన ఆ గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. కెమెరాలు ఆపమని ఎవరూ అనలేదు.