పోటు రాని రోజు

పెళ్ళి భోజనాలు ముగించుకుని తవిటమ్మ గవ్వలపాలెం నుంచి నాలుగు రోజులకి కొండెక్కింది. ఆసుపత్రి గుమ్మంలో అడుగు పెడుతూనే, ఆయా పనికి కుదిరిన నాటి నుంచీ ఉన్న అలవాటు చొప్పున రోగుల చెప్పులన్నీ ఏరి కిటికీ గూట్లో పెట్టింది. మంచాల కింది సామానంతా బల్లల మీదకెక్కించింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పురుళ్ళ వార్డు మధ్యలో నిలబడింది. పదీ ముప్పావుకి సముద్రం రావాలి.

పదకొండైంది. నేల పొడిగానే ఉంది.

డుంబ్రిగుడకి పైన, కొండ నెత్తి మీదున్న ఆ ఆసుపత్రికి సముద్రం రోజూ రెండుసార్లు వచ్చేది. గోడల్లోంచి ఊరి చీలమండ దాకా నిలిచి, గుప్పెడు నెత్తళ్ళ చేపలు వదిలి, గడప దాటకుండా వెనక్కి పోయేది. మరి ఆ ఆసుపత్రిని మొదట కట్టింది ఇక్కడా? గవ్వలపాలెం రేవులో! జాలర్లు ఇంటికో గంప గవ్వలు తెచ్చి, కాల్చి సున్నం చేసి కట్టుకున్న ధర్మాసుపత్రి అది. చింతపండు, పసుపు అమ్ముకోడానికి దిగిన కొండవాళ్ళూ అక్కడే మందు తాగేవారు. ఏటేటా ఒడ్డు కొరుక్కుంటూ సముద్రం మెట్ల దాకా వచ్చేసరికి, "ములిగిపోయేదేదో మాకిచ్చీండి" అని కొండవాళ్ళు అడిగి, ఇటుక ఇటుకా విప్పి కావిళ్ళ మీద మోసుకొచ్చారు. నాలుగొందల కావిళ్ళు. తవిటమ్మ లెక్కలో నాలుగు వేలు. ఆసుపత్రి గంట పట్టుకుని ఆ వరస చివర నడిచిన గుంట తనే. దారిలో పులి ఎదురైతే గంట కొట్టి పక్కకి తప్పుకోమంది, తప్పుకుంది. ఇటుకల వెనకే సముద్రమూ వచ్చేసింది. దాన్నెవరూ మొయ్యలేదు, తనే నడిచొచ్చింది.

ఇప్పుడు మంచం మీద నీలవేణి ఉంది. తొలికాన్పు. నిన్న మధ్యాహ్నం మొగుడు ఫల్గుణ, అతని అన్నదమ్ములు డోలీ కట్టి తెచ్చారు. దారి పొడుగునా నొప్పులే. గుమ్మం లోపలికి రాగానే ఆగిపోయాయి. ఘాట్ రోడ్డు మీద రాళ్ళు జారిపడి అంబులెన్సు కొండ కింద ఎక్కడో నిలిచిపోయింది.

డాక్టర్ జయశ్రీ బిడ్డ గుండె చప్పుడు విని, చెవుల్లోంచి గొట్టాలు తీసి, "పోటు వస్తోందా?" అంది.

"రానేదమ్మా," అంది తవిటమ్మ. "ఇందాకట్నుంచీ సూత్తన్నాను."

"నిన్ను కాదు మామ్మా. నీలవేణి కడుపులో పోటు సంగతి."

"నానూ అదే సెప్తన్నాను. ఈ ఆసుపత్రిలో రెండూ ఒకటే పోటు. అది రాందే ఇదెలాగొస్తాది?" తవిటమ్మ ముక్కు ఎగబీల్చింది. ఉప్పు వాసన లేదు. గోడ మీద చెయ్యి వేస్తే పింగాణీ పళ్ళెంలా జారింది. "గోడలికి ఏటి పూయించీసినావు?"

"చెమ్మ రాని పెయింటు. తొమ్మిది నెలలు ఉత్తరాలు రాస్తే ఇచ్చారు. టీకాల రిజిస్టర్లు నానిపోతున్నాయి, ఎన్నిసార్లని తిరగరాయను?"

"నాను నాలుగు రోజులు పెళ్ళికెల్తే సముద్రం మొకాన తలుపేసీసినావా తల్లీ!"

జయశ్రీ వచ్చి ఏడాది. బదిలీ కోరుతూ రాసిన దరఖాస్తు సంతకంతో సహా సొరుగులో ఉంది. ఇంకో రెండు గంటల్లో నొప్పులు రాకపోతే నీలవేణిని మళ్ళీ డోలీలో, ఈ వానలో, అంబులెన్సు దాకా దింపాలి.

"నాను ఆ డోలీ మల్లీ ఎక్కను," అంది నీలవేణి. "ఈలు నలుగురూ నాలుగు దారులు నడుత్తారు."

ఫల్గుణ తల దించుకుని, "పోనీ గోకీమంటారా డాట్రమ్మా?" అన్నాడు.

జయశ్రీ తళతళలాడే గోడకేసి చూసింది. తొమ్మిది నెలల ఉత్తరాలు.

"గోకేయండి."

ఆసుపత్రిలో ఉన్న జనం, తవిటమ్మ చెప్పే ప్రకారమైతే అరకు లోయ జనమంతా, కొడవళ్ళూ గరిటెలూ పట్టుకుని గోడల మీద పడ్డారు. కాలు విరిగిన మల్లేశు మంచం మీంచే గోకాడు. జయశ్రీ తాళాలగుత్తితో గోకింది. ఆ గీతలోంచే, సున్నంలో కాలకుండా మిగిలిన తెల్లని గవ్వ అంచు ఒకటి బయటపడింది. దాని పక్కన ఓ నీటిచుక్క. ఫల్గుణ వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పు!"

గోడంతా చెమర్చింది. ఎక్కడో హోరు. నాలుగు రోజులు గుమ్మం బయట నిలబెట్టిన కోపమంతా కలుపుకుని సముద్రం మోకాళ్ళ దాకా వచ్చింది.

"మామ్మా!" నీలవేణి మంచం పట్టె పట్టుకుంది. "పోటు!"

"ఏ పోటే?"

"రెండూనూ!"

నీళ్ళు తగ్గేలోగా ఆడపిల్ల పుట్టింది. దాని ఏడుపు ఒడిశాలో వినిపించింది.

"ఏడు కేజీలుంటాది," అంది తవిటమ్మ.

కాటా మూడే చూపించింది.

"తడిసింది కదా, దానికేటి తెలుస్తాది!"

సాయంత్రానికి రిజిస్టర్లు, సొరుగులో తడిసిన కాగితాలు తాడు మీద ఆరుతున్నాయి. తవిటమ్మ నేల మీది నెత్తళ్ళు ఏరి, తాడు మీంచి ఓ కాగితం లాగి బాలింతకి పొట్లం కట్టబోయింది. జయశ్రీ చూసింది. సిరా అంతా కారిపోయి కింద తన సంతకం ఒక్కటే మిగిలిన కాగితం. నోరు తెరిచింది.

"ఏటమ్మా, పనికొచ్చీదేనా?"

"కాదు. గట్టిగా కట్టు మామ్మా, చేపలు జారిపోతాయి."

రిజిస్టర్లన్నీ అల్మరా పై అరలోకి ఎక్కించి, జయశ్రీ తన చెప్పులు విడిచింది. తీసుకెళ్ళి కిటికీ గూట్లో, రోగుల చెప్పుల పక్కన పెట్టింది.

"రేపు పొద్దున పోటు ఎన్నింటికి?"

"పదకొండున్నరకి," అంది తవిటమ్మ. "నీకు తొందరుంటే సెప్పు, బేగి రమ్మంటాను."