పుట్ట ఊపిరి

రిసాలి క్వార్టర్లలో కరెంటు పోయిందంటే నూకమ్మకి ప్రాణం మీదికొచ్చేది. ఉబ్బసం మనిషి. చీకటయితే చాలు, ఊపిరాడక మంచం పట్టె పట్టుకుని కొట్టుకునేది.

మొగుడు గోపాలం ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయినవాడు. చిన్నప్పుడు విజయనగరం పక్కన మేకలు కాస్తూ, చలిపొద్దుల్లో చెదపుట్ట బొక్క మీద చేతులు కాచుకునేవాడు. కింది బొక్కల్లో చల్లగాలి దూరేది, పైనుంచి వెచ్చగా వచ్చేది. అది గుర్తొచ్చి పెరట్లో ఛాతీ ఎత్తున అచ్చం అలాంటి మట్టిపుట్టే లేపాడు. దాని గొంతులో ఆ గాలికి తిరిగే రేకు ఫ్యాను, ఫ్యానుకి సైకిలు డైనమో. అక్కణ్ణించి నూకమ్మ తలాపున చిన్న బల్బుకి తీగ.

బల్బు వెలిగింది. నిలకడగా కాదు, పెరుగుతూ తగ్గుతూ. గాలి కదా, అంతేలే అనుకున్నాడు. ఓ సాయంత్రం పక్కన కూర్చుని చూస్తే, నూకమ్మ గుండె లేచినప్పుడల్లా వెలుగు లేస్తోంది. దిగినప్పుడల్లా దిగుతోంది.

ఎవరికీ చెప్పలేదు.

నాగులచవితి పొద్దున మందుల కోసం సుపేలా బజారుకి వెళ్ళొచ్చేసరికి పెరటినిండా ఆడవాళ్ళు. పుట్టకి పసుపూ కుంకం.

"ఏటి సేసారే, చిన్నమ్మలూ?"

పక్క క్వార్టరు చిన్నమ్మలు నవ్వింది. "ఈ ఊర్లో పుట్టెక్కడ దొరుకుద్ది బావా? నువ్వే కట్టావు గదా! పాలోసి కోడిగుడ్డేసాం. నీ నాగన్న గుటుక్కున మింగీసాడు."

ఫ్యాను చప్పుడు లేదు. ఇంట్లోకి తొంగి చూస్తే బల్బు ఆరిపోయింది. నూకమ్మ గొంతు పట్టుకుని, నోరు తెరుచుకుని ఉంది.

గోపాలం సంచీ పారేసి పుట్ట నోట్లో చెయ్యి పెట్టాడు. గుడ్డు రేకుకీ గోడకీ మధ్య ఇరుక్కుంది. పెకలించాడు. వేళ్ళ మీంచి పొడుగ్గా, వెచ్చగా గాలి పోయింది. లోపల నూకమ్మ దగ్గింది.

"ఏటయిందే?" అన్నాడు గుమ్మంలోకొచ్చి.

"ఏటో... గొంతుకి గుడ్డు అడ్డుపడ్డట్టయింది."

మంచం దిగని మనిషి. పెరట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. గోపాలం చేతిలో గుడ్డు వెనక్కి దాచుకున్నాడు.

కొన్నాళ్ళకి ఫ్యాను ఇరుసు కీచుమనడం మొదలెట్టింది. ఇంట్లో నూకమ్మ ఊపిరీ అలాగే కీచుమంటోంది. నూనె పెట్టాలంటే ఫ్యాను ఆపాలి. పెట్టకపోతే అదే ఓనాడు పట్టేస్తుంది. ఫిట్టరుకి తెలీని సంగతా!

"ఏటి సేస్తన్నావక్కడ?" నూకమ్మ కేకేసింది.

"ఏటీ లేదు. పడుకో."

తిరిగే రేకుల మధ్యకి వేలు పోనిచ్చి, ఆపకుండానే, ఇరుసు మీద నూనె చుక్క తరవాత చుక్క వదిలాడు. రేకు వేలిని కోసింది. చెయ్యి తియ్యలేదు.

కీచు రెండుచోట్లా ఒక్కసారే ఆగింది.

రేకులు తిరుగుతూనే ఉన్నాయి. అది చూశాకే గోపాలం ఊపిరి తీసుకున్నాడు.