సాలీడు పెట్టెలో చేను మట్టి

"ఈ ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని నెల కిందట మా దేవికతో అన్నది నేనే. నా బిడ్డ పెంచుకుంటున్నది అరచేయంత సాలీడు. ఒళ్లంతా నూగు; టరాంటులా అంటారట. ఆమె ఎదురు చెప్పలేదు. దాని ప్లాస్టిక్ డబ్బాను తన గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకుంది. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి మా ఇంట్లో మాటలే తక్కువ. ఆ తలుపు వెనక దేవిక సాలీడుతో ముచ్చట పెట్టడం విని సిగ్గుపడ్డాను.

దానికో మంచి పెట్టె చేసిద్దామని తాండూరులో దుకాణాల బోర్డులు చేసే అజమత్ దగ్గరికి పోయి అక్రిలిక్ షీటు కోయించాను.

"సాలెపురుగుకు బంగ్లానా సార్? మా ఇంట్ల కిరాయి లేకుండ మస్తుగున్నయి, తోల్కపోండ్రి!" అని నవ్వుతూనే గాలికి రంధ్రాలు తొలిచి ఇచ్చాడు.

వికారాబాద్‌లోని మా ఇంటికి తెచ్చి పలకలు అతికించాను. జిగురు వాసన పోయేదాకా ఆరబెట్టాను. అడుగున పోయడానికి కొబ్బరి పొట్టు కొనమంది దేవిక. సొంత చేను ఉన్నవాడు మట్టి కొనడమేమిటి? నవాబుపేటలో మా కంది చేను నుంచి సంచెడు తెచ్చి, జల్లించి పోశాను. చేను మట్టంటే వద్దంటుందని, "నర్సరీల కొన్న" అన్నాను. ఆ సాయంత్రమే దేవిక సాలీడును అందులోకి మార్చింది.

మర్నాడు ఆమె బడికి వెళ్లాక చూస్తే సాలీడు కాళ్లు వణుకుతున్నాయి. మట్టి మీద అనుమానమొచ్చి, చేను కౌలు చేసే దశరథ్‌కు ఫోన్ చేశాను.

"మొన్ననే మందు కొట్టినం గద సార్! కాయపురుగుకని మీరే తెచ్చిస్తిరి!"

అవును. తాండూరు నుంచి రైల్లో ఆ పురుగుమందు డబ్బా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేనే.

చెప్పకుండా ఊరుకుంటే ఎందుకు చచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రానే వచ్చింది. అయినా బడికి ఫోన్ చేసి దేవికను పిలిపించాను.

"బిడ్డా, అది నర్సరీ మట్టి గాదు. మన చేనుది. మందు కొట్టిన మట్టి."



"పాత డబ్బాల తడి గుడ్డ వెయ్యి బాపు. అట్టముక్కతోని మెల్లగ అండ్లకు జరుపు. నేనొస్తున్న."

సగం పూట సెలవు పెట్టి వచ్చింది. ఇంకు ఫిల్లరుతో నీటి చుక్క వేస్తే అది వంగి తాగింది. సాయంత్రానికి వణుకు తగ్గింది. ఒక కాలు మాత్రం ఈడుస్తోంది.

"బతుకుతదా?"

"బతికేటట్టే ఉన్నది." నా వైపు చూడకుండానే మట్టినంతా సంచిలోకి ఎత్తింది. "పెట్టె మంచిగ చేసినవ్ బాపు. సబ్బుతోని కడుగు. ఇంకోసారి నాకు అబద్ధం చెప్పకు."

పెట్టె తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాను.