ఆల్డర్ ఫోర్క్ జనాభా

నాకొక రోగం ఉంది. ఏ ఊరి పేరు చెవిన పడ్డా, అక్కడ ఎవలుంటరు, ఏం తింటరు, బతుకుదెరువేంది అని తెలుసుకునేదాకా పానం ఊకోదు. బస్సుల పక్కసీటామెను సుత వదిలిపెట్ట. "నీకెందుకే సంగీతా, నీ పని నువ్వు చూసుకోరాదు" అని మా బాపు తిట్టని రోజు లేదు. తిట్టనియ్యి. పోని రోగాన్ని ఏం చేస్తం?

2003 సంగతి ఇది. అమీర్‌పేటల డేటాబేస్ కోర్సు అయిపోయి ఏడాది దాటింది. ఎక్కడికి పోయినా రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడుగుడే. ఉద్యోగం ఇయ్యకుంటే ఎక్స్‌పీరియన్స్ ఎక్కడ్నుంచొస్తది, చెట్లకు కాస్తదా? దానికి మందు సుత అమీర్‌పేటలనే దొరుకుతది. మా కన్సల్టెన్సీ నడిపేటాయన చక్రపాణి గారు, గుంటూరు దిక్కు మనిషి, ఎండాకాలంల సుత అంగి ఇస్త్రీ నలగదు. ఆయన ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో ప్రాజెక్టు పంచుతడు. మేం చెయ్యని పనిని చేసినట్టు రెజ్యూమేల రాసుకోవాలె, అంతే.

మా బ్యాచ్‌కు అమెరికాల నెబ్రాస్కా వచ్చింది. ఆ రాష్ట్రంల ఆల్డర్ ఫోర్క్ అనే ఊరి మున్సిపాలిటీకి జనాభా, పన్నుల రికార్డుల సాఫ్ట్‌వేర్ తయారుచేసినమట. పద్నాలుగు మంది టీం, రెండేండ్ల పని. ఈ ఊరే ఎందుకు సార్ అని అడిగిన. చికాగో అని రాస్తే ఇంటర్వ్యూ చేసేవాడు అక్కడ ఉండొచ్చినవాడే కావచ్చు, ఎవడూ చూడని ఊరైతే ఎవడేం అడుగుతాడమ్మా అన్నడు. మ్యాపు మీద కండ్లు మూసుకొని వేలు పెట్టిండట. అందరు నవ్విండ్రు. నాకు మాత్రం రోగం మొదలైంది.

నిజం చెప్పాలంటే నాకు గప్పుడు ఊర్లు చదివే తీరిక లేదు. మాది నేతపని ఊరు. మగ్గాలు బందైనంక బాపు బల్కంపేటల బట్టలు కుట్టే దుకాణం పెట్టుకున్నడు. పంజగుట్టల ఒక కంపెనీ మా బ్యాచ్‌ను ఇంటర్వ్యూకు పిలిచింది, అదే ఆఖరుది అని బాపు ఖరాఖండిగ చెప్పిండు. అది కాకుంటే నేను రెండో మిషన్ మీద కూసోవాలె. బోనాలొస్తున్నయి, జాకెట్లు కుప్పలు పడ్డయి. ఆ రెండో మిషన్ కొని, దాని మీద గుడ్డ కప్పి, కిటికీ పక్కన పెట్టిండు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. కుట్టుపని తక్కువదని కాదు, నాకు చేతకాదు. నేను కుట్టిన చేతులు ఎవల భుజానికీ సరిపోవు.

అయినా నెట్ సెంటర్ల కూసొని ఆల్డర్ ఫోర్క్ వెతికిన. నా పక్కన మంజూష. మా బ్యాచే, కాకినాడ పిల్ల. "ఏంటే నీ పిచ్చి, ఊరి చరిత్ర ఎవడడుగుతాడు, క్వెరీలు చదువుకో" అని నెత్తి మీద ఒకటి కొట్టింది. పేజీ తెరుచుకునేసరికి చాయ్ తాగొచ్చిన.

రిటైరైన ఒక టీచరమ్మ ఆ పేజీ నడుపుతున్నది. ఒకటే వీధి, ఒక చర్చి, గోధుమలు పోసే ఎత్తు గోపురం, ఊరి పేరు రాసిన నీళ్ల ట్యాంకు. జర్మనీ నుంచి వచ్చినోళ్లు గడ్డి బీడును దున్ని ఊరు కట్టిండ్రట. రైలు పట్టాలు పడ్డంక రెండు హోటళ్లు, ఒక బ్యాంకు, వెన్న తీసే ఫ్యాక్టరీ వచ్చినయి. వెయ్యి దాటిండ్రు జనం. తర్వాత పెద్ద ట్రాక్టర్లొచ్చి పొలాలకు మనుషుల అవసరం తప్పింది. ఫ్యాక్టరీ పోయింది, రైలు ఆగుడు బందైంది. ఆఖరుకు బడిని పక్క ఊరి బడిల కలిపేసిండ్రు. అక్కడ చదువుడు ఆపిన నేను. మా ఊర్ల సుత ఇట్లనే అయింది. పవర్‌లూములొచ్చినయి, మగ్గాల గుంటలు పూడ్చిండ్రు, భీవండి మిల్లులకు ఒకలు, సూరత్ మిల్లులకు ఒకలు పోయిండ్రు. ఇంట్ల పిల్లలు లేకుంటే బడి ఎవలికి?

పేజీ పైన "జనాభా 214" అని ఉంది. ఎవలన్న పుట్టినా పోయినా టీచరమ్మ ఆ అంకె మారుస్తదట. నేను దినాం పోయి చూస్తున్న.

ఇంటర్వ్యూ దినం వచ్చింది. పంజగుట్టల నాలుగో అంతస్తు, ఏసీ చలి. మంజూష నా కంటె ముందు లోపలికి పోయింది. బయటికొచ్చేటప్పుడు నా దిక్కు చూడకుండ సీదా లిఫ్ట్ ఎక్కింది. లోపల అరుణాదేవి గారని పెద్దావిడ, నెరిసిన జుట్టు, కాటన్ చీర. నా రెజ్యూమే ముందట పెట్టుకొని, ఈ ఊరు పొద్దున్నుంచి తనకు మూడోసారి తగులుతున్నదని చెప్పింది. ఇప్పుడే వెళ్లిన అమ్మాయి అక్కడ రెండు లక్షల జనం అందట. అంతకు ముందొచ్చిన అబ్బాయి పన్నెండు లక్షలన్నడట. అందరు ఒకటే టీం.

"మీరు చెప్పండి. ఆల్డర్ ఫోర్క్ జనాభా ఎంత?"

రెండు లక్షలంటే మంజూష మాటకు సరిపోతది, పద్నాలుగు మంది టీంకు సరిపోతది. ఉన్న లెక్క చెప్తే నా రెండేండ్లు అక్కడనే కూలుతయి. కిటికీ పక్క మిషన్ కండ్ల ముందట కనపడ్డది. రెండు లక్షలు అనబోయిన, నిజంగ అనబోయిన. ఆడ టీచరమ్మ ఒక్కొక్క పానం లెక్క పెట్టుకుంటుంటే ఈడ నేను లక్షలు పంచుతనా? నా మీద నాకే కోపమొచ్చింది.

"రెండు వందల పద్నాలుగు, మేడమ్."

ఆమె కండ్లద్దాలు తీసింది. "పద్నాలుగు మంది రెండేళ్లు కూర్చుని, రెండు వందల పద్నాలుగు మందికి ఏం చేశారమ్మా?"

"ఏం చెయ్యలే మేడమ్. నేను ఆ ఊరు చూడలే. ఎవ్వలం చూడలే."

అయిపోయింది అనుకొని సర్టిఫికెట్లు సదురుకున్న. ఆమె లేవనియ్యలే. చూడని ఊరి లెక్క నీకెలా తెలుసని అడిగింది. ఇగ చూస్కోండ్రి, నా రోగం బయటపడ్డది. బీడు దున్నినోళ్లు, రైలు, వెన్న ఫ్యాక్టరీ, బడి, అన్నీ చెప్పుకుంట పోయిన. నడుమ నడుమ మా మగ్గాలు సుత వచ్చినయి. ఆమె చాయ్ చల్లారిపోయింది. అంతా విని, ఒక కాగితం ముందుకు జరిపింది. ఆ ఊరివాళ్లు నిజంగానే పిలిస్తే ఏ రికార్డులు పెడతావో గీసి చూపించమన్నది.

ఉన్నోళ్ల పేర్లు, ఇండ్లు అని మొదలుపెట్టిన. సగంల కొట్టేసిన.

"ఉన్నోళ్లు వాళ్లకు ఎరుకే మేడమ్. రెండు వందల మందికి కంప్యూటర్ ఎందుకు? పోయినోళ్ల లెక్క కావాలె. ఎవలు ఎన్నడు పోయిండ్రు, ఎక్కడున్నరు, ఇంటి తాళంచెవి ఎవలకిచ్చిండ్రు. మా ఊర్ల అదే ఎవలికీ తెల్వదు."

ఆమె ఆ కాగితం తన దిక్కు తిప్పుకున్నది. నా పట్టికలల్ల రెండు తప్పులు పట్టుకున్నది, దిద్దించింది. ఆఖరుకు చెప్పింది: ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ల ఉద్యోగం ఇవ్వలేను, ట్రైనీగా తీసుకుంటాను, కానీ ఆ రెండేళ్లు నీ చేత్తో నువ్వే కొట్టేయాలి. పెన్ను ఇచ్చింది. ఆల్డర్ ఫోర్క్ మీద గీత గీస్తుంటే ఉద్యోగం వచ్చిన సంబురం ఒక దిక్కు, ఏడుపు ఒక దిక్కు వచ్చింది. నాకున్న ఒక్క పరాయి ఊరు అది.

ఇంటికి పోయి బాపుకు చెప్పిన. రెండో మిషన్ మీది గుడ్డ ఆయన ఇగ తియ్యలే.

అమీర్‌పేటల ఒక రివాజుంది. ఇంటర్వ్యూకెళ్లి ఎవలొచ్చినా పదిమంది చుట్టుకొని ఏమడిగిండ్రని పీక్కుతింటరు. ఆ ప్రశ్నలు జిరాక్స్ దుకాణం నరేందర్ అన్న టైపు చేయించి కాపీలు అమ్ముతడు. నన్ను సుత చుట్టుకున్నరు. జరిగిందంతా చెప్పిన, అబద్ధం ఆడకుండ్రని సుత చెప్పిన. వాళ్లకు వినపడ్డది ఒక్క అంకెనే. తెల్లారేసరికి కాపీల మీద మొదటి ప్రశ్న అదే అయి కూసుంది. చాయ్ హోటల్ల, బస్టాప్‌ల, హాస్టల్ మెట్ల మీద పిల్లలు కండ్లు మూసుకొని రెండు వందల పద్నాలుగు, రెండు వందల పద్నాలుగు అని బట్టీ పడుతుండ్రు. ఆ ఊర్ల ఉన్నోళ్ల కంటె దాని లెక్క నోటికొచ్చినోళ్లు అమీర్‌పేటలనే ఎక్కువైండ్రు.

ఉద్యోగంల చేరినంక ఒకనాడు ఆఫీసుల ఆ పేజీ తెరిచిన. 213 అని ఉంది. ఎవలు పోయిండ్రో రాయలే. పుట్టిన ఊర్లనే పోయిండ్రా, పిల్లల దగ్గరికి పోయిండ్రా, అదీ తెల్వదు. పొద్దంత మనసు మనసుల లేదు. సాయంత్రం సీదా నరేందర్ అన్న దుకాణానికి పోయి, లెక్క మారింది, దిద్దు అన్నా అని చెప్పిన.

ఆయన మిషన్ ఆపకుండనే అన్నడు: "సంగీతా, ఇంటర్వ్యూల రెండు వందల పద్నాలుగే కరెక్టు. మార్చితే పోరగాళ్లు నన్ను తంతరు."

"ఆడ ఒక మనిషి తక్కువైండే అన్నా."

"ఎవలు?"

కౌంటర్ మీది పెన్ను తీసుకొని, కట్టల పైనున్న కాపీ మీద ఆ అంకె కొట్టేసి 213 అని రాసిన. ఆయన నన్ను ఒకసారి చూసిండు. ఆ కాపీ తీసి పక్కన పెట్టి, దాని కిందిది మిషన్ల పెట్టిండు.