విప్పిన పేరు

మళ్ళీ చెప్పింది రేడియోలో ఆవిడ, నా కూతురి పేరు, ఒక్క అక్షరం కూడా మింగకుండా, బళ్ళో టీచరు కూడా ఇంత శుభ్రంగా ఎప్పుడూ పలకలేదు, ఆ పేరుగల తుఫాను ఇంకా బలపడిందట, ఒడ్డువైపు కదులుతోందట, వేటకెళ్ళిన బోట్లు వెంటనే వెనక్కి వచ్చేయాలట, ఎవరికి చెబుతోందో మరి, వేటకెళ్ళిన మా ఆయన బోటులో రేడియో పోయినసారే ఉప్పు పట్టి మూగబోయింది, వచ్చాక బాగుచేయిస్తాలే అన్నాడు, ఆయనకు అన్నీ వచ్చాకే, కారుతున్న కప్పు వచ్చాకే, నా పంటినొప్పి వచ్చాకే, రేవు ఆఫీసుకు ఫోన్ చేస్తే గుమాస్తా ఏమన్నాడు, కనిపెట్టుకుని ఉండటం తప్ప మా చేతుల్లో ఏముందమ్మా అన్నాడు, నా చేతుల్లో మాత్రం సూది ఉంది, తెల్ల చొక్కా ఉంది, కరెంటు పోయింది గానీ రేడియోకి బ్యాటరీలున్నాయి, కిటికీ దగ్గర ఇంకా కాస్త వెలుగుంది, బళ్ళు తెరిచే రోజులు కదా, ప్రతి పిల్ల కాలరు లోపలా పేరు దారంతో కుట్టి ఉండాలని బడివాళ్ళ రూలు, ఇక్కడ ఈ ఊరి పిల్లలందరి పేర్లూ నా వేళ్ళ మీదుగానే పోతాయి, తిన్నగా కుట్టు, ఒక్క పోగు తప్పితే అక్షరం వంకరపోతుంది.

ఆ పేరు తెచ్చింది ఆయనే, నాకు ఇష్టమే లేదు, ఏదో దూరపు రేవులో పడవ నడిపే ఓ ముసలి సరంగు నోట విన్నాడట, ఎప్పటిదో పాత పడవవాళ్ళ భాషట, ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్ళే లేరట, గాలి ఆగిపోయి నీళ్ళు అద్దంలా నిలబడే ఆ కాసేపటికి వాళ్ళు పెట్టుకున్న మాటట, పుడుతూనే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చిన పిల్లకా ఈ పేరు అని నేను నవ్వితే కుట్లు లాగి ప్రాణం పోయింది, మా అత్తగారికి నోరు తిరక్క మూడు నెలలు బుజ్జి అనే పిలిచింది, ఆయన మాత్రం పట్టిన పట్టు వదల్లేదు, మామూలు పేరనుకుంటున్నావా, ఈ పేరుతో ఒక రాణి ఉండేది, ఒంటరిగా పడవలో వెళ్ళి యుద్ధం ఆపించింది, ఇంకొకావిడ జలసంధి ఈదింది, మూడో ఆవిడ పాడుతుంటే ఓడల్లో పనివాళ్ళు చేతుల్లో తాళ్ళు వదిలేసి నిలబడిపోయేవాళ్ళు, నిజమా అబద్ధమా ఆయనకే తెలియాలి, సముద్రం మీద విన్నవి ఒడ్డుకొచ్చేసరికి రెండింతలవుతాయి, కానీ పిల్ల నమ్మింది, మీ పేరు గురించి చెప్పండర్రా అని టీచరు అడిగితే బెంచీ ఎక్కి మరీ అప్పజెప్పిందట, అర్థం ఇదీ, పుట్టింది ఇక్కడ, ఈ పేరుతో గొప్పవాళ్ళయినవాళ్ళు రాణీ, ఈతగత్తే, పాటగత్తే, నాలుగో ఆవిడ నేను, టీచరు కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వానని చెప్పింది, ఏడేళ్ళకే అంత ధీమా, ఎవరి పోలికో వేరే చెప్పాలా.

ఎక్కడో ఏదో గదిలో కూర్చున్న పెద్దమనుషులు తుఫానులకు ముందే పేర్లు రాసి పెట్టుకుంటారట, వాళ్ళకెవరికీ పిల్లల్లేరా, పేరు దొరక్కపోతే ఒకటీ రెండూ అని అంకెలు పెట్టుకోవచ్చుగా, పొద్దున మేడమీది నర్సు వచ్చింది, డ్యూటీ బట్టల్లోనే, వాళ్ళ చిన్నదానికీ అదే పేరు, మా అమ్మాయిది విని ముచ్చటపడి పెట్టుకుంది, పోయిన వారమే గౌను మీద కుట్టించుకుని వెళ్ళింది, ఆ గౌనే నా ఒళ్ళో పెట్టి అక్కా ఇది విప్పేయండక్కా, వేరే పేరు అనుకున్నాం, పొద్దున్నుంచీ రేడియోలో వినలేక చస్తున్నా, మీరేం అనుకోకండి అంది, నేనేం అనుకుంటాను, విప్పడమూ నా పనే కదా, సగం బ్లేడు తీసుకుని ఒక్కో కుట్టూ తెంపాను, నీలం దారం ముక్కలు నేలమీద పడుతుంటే అలవాటుగా నా మోకాలి పక్కన కూర్చుని ఏరుతున్నది ఎవరు, నా కూతురే, తన పేరులో ముక్కలు తనే అరచేతిలోకి ఏరుకుంటోంది, అప్పుడైనా నా బుర్ర వెలగలేదు, పాపా కాస్త జరుగు, వెలుగుకు అడ్డం అన్నాను, అది నా మొహంలోకి చూసింది, పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని నేను ఎప్పుడు పాపా అన్నాను గనుక.

అప్పటినుంచీ బల్లకింద ఉంది, గుడ్డలు కత్తిరించే బల్ల, కాళ్ళు ముడుచుకుని గోడకానుకుని, అన్నం పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉంది, కడుపునొప్పా అంటే తల అడ్డంగా ఊపదు నిలువుగా ఊపదు, వంగి దగ్గరికెళ్ళి ఏంటమ్మా అంటే పెదవులు కూడా సరిగా కదపకుండా అంది, నేను కదలకుండా ఉంటే అదీ కదలదు కదమ్మా, ఏది అన్నాను, అదే, నేనే కదా అది, నాన్న మీదకు వెళ్ళకుండా పట్టుకున్నా, కాదే పిచ్చిదానా అనబోయాను, అప్పుడు కనిపించింది దాని కాలరు, నేను కుట్టిన పేరు లేదు, సూది దిగిన చిన్న చిన్న రంధ్రాలు ఉన్నాయంతే, బ్లేడు ముట్టుకోవద్దన్నానని పళ్ళతో పీకింది, నాలుగో ఆవిడ అదా అమ్మా అంది, ఏమని చెప్పాలి, నేను దేవుణ్ణా, గాలిని తిప్పలేను, బోటును లాక్కురాలేను, ఆయన ప్రాణం ఏ అల మీద ఉందో నాకు తెలియదు, ఒక పిల్ల బల్లకింద కూర్చుని సముద్రాన్ని పట్టుకుని ఉంది, దాని చేతులు విడిపించడం కూడా నావల్ల కావట్లేదు, కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది, రేడియోలో ఆవిడ మళ్ళీ మొదలెట్టింది, ఆ పేరే.

ఊరంతా పొద్దున్నుంచీ ఆ పేరే అంటోంది, వీధిలో, రేవులో, రేడియోలో, అనంది నేనొక్కదాన్నే, పాప అన్నాను, అమ్మ అన్నాను, పిచ్చిదానా అన్నాను, అనడానికి భయపడ్డాను, నోట్లోంచి వస్తే ఆయనకేదో అయిపోతుందన్నట్టు, నర్సుది గౌను, నాది నోరు, అంతే తేడా, ఇద్దరం విప్పేశాం, పిల్ల చూసింది, ఇంక దానికి వేరే సాక్ష్యం ఎందుకు, ఆయన వచ్చేటప్పుడు బోటు ఇంకా ఒడ్డు తాకకముందే, తాడు విసరకముందే, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి ఒకటే కేక, నా పేరు కాదు, ఏనాడూ నా పేరు కాదు, దాని పేరే, చివరి అక్షరం సాగదీసి, ఇది ఎక్కడున్నా వస్తున్నా నాన్నా అని పరుగు, ఆయన వస్తే అలాగే కేకేస్తాడు, వస్తే, అప్పుడు పలకడానికి ఆ పేరుగలది ఈ ఇంట్లో ఒకతె ఉండాలి, రాకపోతే, రాకపోతే ఆయన మాకు పెట్టి వెళ్ళింది అదొక్కటే, దాన్ని గాలికి వదిలేస్తానా, చొక్కా పక్కన పెట్టాను, రేడియో ఆపలేదు, ఆయన కబురు అందులోంచే రావాలి, నేలమీద చతికిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి, ఆవిడకంటే గట్టిగా, చివరి అక్షరం సాగదీసి పిలిచాను, బల్లకింద కదలిక లేదు, మళ్ళీ పిలిచాను, మళ్ళీ, అప్పుడు దాని పిడికిలి తెరుచుకుని నీలం దారం ముక్కలు నేలమీద రాలాయి, వస్తున్నా అంది.