నల్లబడిన మొన

డిసెంబరు వచ్చిందంటే మన్సూరాబాద్‌లో అంతయ్య వెల్డింగ్ షాపులో గేట్లూ గ్రిల్సూ మూలకు చేరిపోతాయి. క్రిస్మస్ సామాను ముందుకొస్తుంది. ఇనుప చువ్వల స్టార్లు, గొలుసు ముక్కలతో చెట్లు, నట్లూ బోల్టులూ అతికించిన జానెడు దేవదూతలు. ఇన్నేళ్లూ అవన్నీ స్టీవెన్ చేతి పని. ఈసారి అతని చెల్లెలు జాస్మిన్ చేస్తోంది.

స్టీవెన్‌ను అంతయ్య దసరాకు ముందే పంపించేశాడు. గేటు కోసం వచ్చిన మనిషితో మాటా మాటా పెరిగి, స్టీవెన్ తాగిన మత్తులో సుత్తితో అతని మోచేతి మీద కొట్టాడు. ఆ చెయ్యి మళ్లీ సరిగ్గా వంగలేదు. ఇంట్లో అయితే అతనికి సుత్తి కూడా అక్కర్లేదు. తల్లి ఎలీశమ్మకు ముందు పళ్లు లేవంటే అది కొడుకు పుణ్యమే.

అన్నకు అన్నం డబ్బా తెచ్చే రోజుల్లోనే జాస్మిన్ ఒక పక్కన నిలబడి, నల్ల అద్దం అడ్డం పెట్టుకుని పని చూస్తూ ఉండేది. అన్న పని పోయాక, నాకు నేర్పమని అంతయ్యను అడిగింది. మొదట్లో రాడ్డు ఇనుముకు అంటుకుపోయేది, పలుచని రేకుకు బొక్కలు పడేవి. ఆమె అతుకులు చూసి పిచ్చుక రెట్టలని అంతయ్య నవ్వేవాడు. తరవాత్తరవాత అతుకు నిలబడసాగింది. సరూర్‌నగర్ చర్చివాళ్లు పెద్ద స్టార్ కావాలంటే అంతయ్య లావు చువ్వలు ఆమె ముందు పడేసి, ఇది నిలబడితే మిషను నీదే, ఇక నువ్వే నా వెల్డరువి అన్నాడు.

ఆ మాట స్టీవెన్ చెవిన పడింది.

ఒకరోజు మధ్యాహ్నం వచ్చాడు. వస్తూనే బల్ల మీది దేవదూతలను చేత్తో ఊడ్చి కింద పడేసి, బూటుతో తొక్కాడు. అడ్డం వచ్చిన అంతయ్యను గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. తల గోడకు తగిలిన చప్పుడు మిషను మోతలోనూ వినిపించింది. ముసలాయన గోడ వెంబడే జారి కూర్చుండిపోయాడు.

జాస్మిన్ అప్పుడు స్టార్ చివరి మొన అతికిస్తోంది. అతుకు సగంలో ఆపితే అక్కడే విరుగుతుంది. పూర్తి చేసి, స్టార్‌ను నేల మీద పడుకోబెట్టి, ముసుగు ఎత్తింది. ఎత్తిన ముఖం మీదే దెబ్బ పడింది. పెదవి చిట్లింది. లేవబోతే జుట్టు పట్టి ఈడ్చాడు.

“నా మిషన్ మీద కూసుంటవా నువ్వు? నా అన్నంల చెయ్యి పెడ్తవా?”

ఆమె ఎడమ మణికట్టు మీద బూటు పెట్టి, ఒళ్లంతా బరువు వేసి తొక్కాడు. లోపల ఏదో పటుక్కుమంది.

“ఇంకోటి గిట్లనే ఇరగ్గొడత ఆగు. అప్పుడెట్ల పడ్తవో సూస్త రాడ్డు హోల్డరు. ముందు గీ సుక్క సంగతి జూస్త.”

స్టార్ వైపు తిరిగాడు, ఎత్తి రోడ్డు మీద బస్సుల కిందికి విసిరేద్దామని. అప్పుడే అతికిన మొన అతని వైపే ఉంది. ఎరుపు పోయి, తక్కిన ఇనుములాగే నల్లగా ఉంది.

ఎర్రటి ఇనుమును ఎవరూ ముట్టరు. చేతులు కాల్చేది నల్లబడిన ఇనుమే. అందుకే ఆ షాపులో వేడి ఇనుము కింద పెట్టినవాళ్లు ‘గరం’ అని కేక వెయ్యాలి. చల్లారేదాకా, ఎవరు దగ్గరికొచ్చినా వెయ్యాలి. కేక లేదంటే చల్లగా ఉన్నట్టే. స్టీవెన్ పదేళ్లు ఆ కేకను నమ్ముకుని చేతులు దక్కించుకున్నవాడు. ఎంత తాగినా అతని చెవి దానికోసం కాచుకునే ఉంటుంది.

వంగేముందు అతను క్షణం ఆగాడు. జాస్మిన్ నోరు తెరిచింది. నోటినిండా రక్తం. అన్న చేతులకేసి చూసింది. అవే చేతులు. నోరు మూసుకుంది.

స్టీవెన్ రెండు చేతులతో మొనను గట్టిగా పట్టి ఎత్తాడు.

అరుపు ఆలస్యంగా వచ్చింది. ముందు వాసన వచ్చింది. వదిలేద్దామన్నా చర్మం వదల్లేదు. స్టార్‌తో పాటు మోకాళ్ల మీద పడి, పెనుగులాడి చేతులు ఊడబెరుక్కున్నాడు. మొన మీద తెల్లటి పొర ఒకటి ముడుచుకుంటూ మిగిలింది.

అంతయ్యే లేచి, నెత్తుటి తలతోనే అతన్ని కుళాయి దగ్గరికి ఈడ్చాడు. దవాఖానకు తీసుకుపొమ్మని ఆటో ఎక్కించాడు. ఆటోలో కూర్చున్నాక స్టీవెన్ చెల్లెలిని చూశాడు. అరవలేదు.

“నా చేతులనే చూస్కుంట నోరు మూసినవ్” అన్నాడు.

ఆటో వెళ్లిపోయింది. అంతయ్య తలకు తువ్వాలు అదుముకుంటూ జాస్మిన్ దగ్గరికి వచ్చాడు.

“కొత్తదానివి. మర్శిపోయినవ్ గదా బిడ్డా?”

అవునంటే సరిపోయేది. ఆయన ఆ ఒక్క మాట కోసమే ఎదురు చూస్తున్నాడని జాస్మిన్‌కు తెలుసు. వాచిన మణికట్టును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“మర్శిపోలే కాకా. గుర్తుండె.”

స్టార్ చర్చి మీదికి ఎక్కింది, నిలబడింది. అంతయ్య మాట తప్పలేదు. మణికట్టు కట్టు విప్పిన రోజే మిషను ఆమెకు అప్పగించాడు. పని నేర్పడంలోనూ తక్కువ చెయ్యలేదు. కానీ అప్పట్నుంచి ఆమె కింద పెట్టిన ఇనుము ఏదైనా సరే, ఆమె కేక వేసినా వెయ్యకపోయినా, ముందు చెంబుతో నీళ్లు చల్లేవాడు. నీళ్లు పడితే అతుకు పగలొచ్చని ఆమెకు నేర్పింది ఆయనే. అయినా చల్లేవాడు. ఆవిరి లేవలేదని చూసుకున్నాకే చెయ్యి వేసేవాడు.