ఇనుము వెంటపడ్డ మనిషి

పెందుర్తిలో కరీంభాయి పాత కలప అడితి ఉంది. అందులో తాతబాబు పని పొద్దున ఏడున్నరకి మొదలవుతుంది. పడగొట్టిన ఇళ్ళ తలుపులు, దూలాలు, కిటికీ చట్రాలు లారీల్లో వచ్చి దిగుతాయి. వాటిని రంపం కిందికి పంపే ముందు ఒక్క మేకు కూడా మిగలకూడదు. మిగిలిందా, రంపం పళ్ళు ఊడతాయి, కరీంభాయి నోరు ఊరుకోదు. వేరే అడితుల్లో ఇద్దరు మనుషులు పట్టకార్లు పట్టుకుని పగలంతా చేసే ఆ పని తాతబాబు గంటలో కానిచ్చేస్తాడు. దూలం మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకుంటాడు, అంతే. మేకులు ఒకటొకటిగా లేచొచ్చి ఆ చేతికి అతుక్కుంటాయి. కొబ్బరి చీపురుతో వాటిని డబ్బాలోకి ఊడ్చుకుని ఇంకో దూలం దగ్గరికి వెళ్తాడు.

ఇనుము అతని వెంటపడటం పధ్నాలుగేళ్ళుగా ఉన్నదే. వీధిలో ఎవరి సూది పోయినా అతన్నే పిలుస్తారు. సిటీ బస్సులో కండక్టరు తలుపు దగ్గర నిలబడనివ్వడు. దొంగతనానికి జైల్లో ఉన్న మూడేళ్ళూ తాళాలన్నీ ఇతని గది వైపే తిరిగి ఉండేవని వార్డరు తెగ విసుక్కునేవాడట. కొందరికి చెమట ఎక్కువ, కొందరికి నిద్ర ఎక్కువ, ఇతనికి ఇనుము ఎక్కువ అని జనం సరిపెట్టుకున్నారు.

బుధవారం బుధవారం జాలరిపేట నుంచి చిట్టెమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని వస్తుంది. గంప దింపి తక్కెడ తీసేసరికి ఇనప తూకం రాళ్ళు దొర్లుకుంటూ తాతబాబు కాళ్ళ దగ్గరికి పోతాయి.

"ఓలమ్మో, నా రాళ్ళు లాగీయకురా తమ్ముడా! నాను తూకంలో మోసం సేత్తన్నానని జనం అనుకోరేటి?"

"నానేటి సేసినానప్పా? అవే వచ్చీసినాయి."

నవ్వుతూ రాళ్ళు తీసుకుంటుంది, నెత్తళ్ళు తూచి పొట్లం కడుతుంది. లేవబోతూ, పైట సర్దుకుని, ప్రతి బుధవారం అడిగే మాటే అడుగుతుంది.

"మీ బావ కబురేటైనా తెలిసిందా?"

"నేదప్పా."

"ఓడోళ్ళు ఎవులైనా కనబడితే అడుగు. మరిసిపోకు."

చిట్టెమ్మ మొగుడు అబ్బులు. తాతబాబు అతన్ని బావా అనేవాడు, ఆ వరసనే చిట్టెమ్మ అప్ప అయింది. పధ్నాలుగేళ్ళ కిందట అబ్బులు హార్బర్లో ఓడెక్కి పరాయి దేశం పోయాడనీ, ఎప్పటికైనా తిరిగొస్తాడనీ ఆవిడకి చెప్పింది ఈ తమ్ముడే. ఆవిడ నమ్మింది. నుదుటి బొట్టు అలాగే ఉంది, మెళ్ళో పుస్తెలూ అలాగే ఉన్నాయి. సముద్రం ఏటేటా ముందుకొచ్చి ఆవిడ ఇంటిని నాకేస్తోంది. కిందటేడు తుఫానుకి వెనక గోడ పోయింది. సర్కారు ఎగువన కాలనీలో ఇల్లిచ్చి తాళంచెవి చేతిలో పెట్టినా కదలదు మహాతల్లి. "నాను గుమ్మం మార్సీస్తే మనిసి ఎక్కడికొత్తాడు?" అంటుంది. ఇంకో తుఫాను వస్తే ఆ ఇంటితో పాటు తనూ పోతుందని పేటంతా మొత్తుకుంటున్నారు.

తాతబాబు మాత్రం సముద్రం ఛాయలకే పోడు. పడవల లంగర్లు తన మీదికొస్తాయని భయం కాబోలు అనుకుంటారు జనం.

అతనికి అక్షరాలు జైల్లోనే వచ్చాయి. అక్కడికి చదువు చెప్పడానికి వచ్చే ఇంద్రజ మేడం ఇప్పుడు మద్దిలపాలెం బస్సు డిపో ఎదురుగా, జిరాక్సు షాపు మేడ మీద, చిన్న చిన్న పుస్తకాలు అచ్చు వేస్తోంది. "మీ బతుకు రాయండి, మానుకోవాలనుకున్నవాడు ఒక్కడు చదివినా చాలు" అని ఏడాదిగా వెంటపడితే, తాతబాబు పొడుగు నోటుబుక్కు కొని, అట్ట మీద 'నా దొంగ బతుకు' అని రాసి, నిండా నింపాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మేడం కబురు పెడితే వెళ్ళాడు.

"తాతబాబు గారూ, ఈ అబ్బులు ఎవరు?"

"మా బావండి. వరసకి. ఇద్దరం కలిసే దొంగతనాలు సేసీవోళ్ళం. తాడుకి పెద్ద అయస్కాంతం కట్టి, ఓడల కాడ నీళ్ళలో పడ్డ ఇనుమూ, బార్జీల్లో ఉన్న ఇనుమూ లాగీవోళ్ళం."

"అది రాశారు, చదివాను. ముప్ఫై ఒకటో పేజీలో ఇద్దరూ పడవెక్కారు. ముప్ఫై రెండో పేజీలో మీరొక్కరే దిగారు. ఆయనేడీ?"

"ఓడెక్కీసినాడండి."

బల్ల మీది స్టాప్లరు జరజరా జారుకుంటూ వచ్చి అతని మోచేతికి కొట్టుకుంది. మేడం దాన్ని తీసి యథాస్థానంలో పెట్టింది.

"పడవలోంచి ఓడలోకి ఎగిరాడా?"

మేడం నోటుబుక్కులో ఇంకో పేజీ తీసింది.

"మీ అమ్మ ముక్కుపుడక అమ్ముకు తాగిన సంగతి కూడా దాచకుండా రాశారు. ఇదొక్కటీ దాచారు. ఇలాగైతే నేను అచ్చు వెయ్యనండీ."

అక్కడే, ఆ బల్ల దగ్గరే కూర్చుని రాశాడు. ఒక్క పేజీకి గంట పట్టింది. మేడం చదివి కళ్ళద్దాలు తీసేసింది.

"దీన్ని ముందు చదవాల్సింది నేను కాదు," అంది చివరికి.

"ఆవిడికి సదువు రాదండి."

"అయితే మీరే చదివి వినిపించండి."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తాతబాబు జాలరిపేట దారి పట్టాడు. రెండుసార్లు వెనక్కి తిరిగాడు, రెండుసార్లూ తనను తాను తిట్టుకుని ముందుకే నడిచాడు. ఇసుకలోకి దిగగానే ఒడ్డున పడవల మీది లంగర్లన్నీ కిర్రుమంటూ అతని వైపు తిరిగాయి.

చిట్టెమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు తిరగేస్తోంది. లోపల మేకుకి వేలాడుతున్న కొత్తింటి తాళంచెవి అతన్ని చూసి ఊగింది.

"ఓలమ్మ, నువ్వా! ఇన్నేళ్ళకి దారి తెలిసిందేటి? కూకో. గంజి తాగుతావేటి?" అని, అతని ముఖం చూసి ఆగింది. "కబురు తెలిసిందేటి?"

"తెలిసిందప్పా," అని కాగితం విప్పాడు. మొదటి వాక్యం తడబడి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఆ రోజు సాయంత్రం అయస్కాంతం నీటి అడుగున దేనికో పట్టేసింది. విడిపించడానికి మా బావ అబ్బులు నడుముకి తాడు కట్టుకుని దిగినాడు. రెండో కొస నా చేతిలో ఉంది. తాడు గుంజితే పైకి లాగమని గుర్తు. ఇంతలో గస్తీ బోటు మోత వినబడింది. బావ తాడు రెండుసార్లు గుంజినాడు. నేను లాగలేదు. తాడు వదిలేసి తెడ్డు అందుకున్నాను. ఓడెక్కినాడని మా అప్పతో అబద్ధం చెప్పాను."

చిట్టెమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. అలలు వచ్చి కూలిన గోడ రాళ్ళను తడిపి పోతున్నాయి.

"రెండుసార్లే గుంజినాడా?"

తాతబాబు ఏడ్చేశాడు. "మూడుసార్లప్పా. రెండని రాసినాను."

ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా కొట్టినా అతనికి కాస్త తేలికగా ఉండేది.

"ప్రెతి బుదారం నాకాడ సేపలు కొన్నావు గదరా. ప్రెతి బుదారం అడిగినాను గదరా," అంది. మళ్ళీ కొంతసేపటికి, "ఆడి యేలికి నాడా ఉంగరం ఉండాల," అంది. పెళ్ళైన కొత్తలో వేటలో పడవ బోల్తా పడి బతికొచ్చాడని, గుర్రపు నాడాతో చేయించి ఆవిడే తొడిగిన ఉంగరం అది.

"ఉన్నాదప్పా. ఆ రోజూ ఉన్నాది."

"అది ఇనుమే గదా?"

"ఇనుమే. అందుకే నాను ఇన్నేళ్ళూ సముద్రం దిక్కు రానేదు. వత్తే అది నాకాడికి వచ్చీస్తాది."

"మరింకేటి? దిగు."

దిగాడు. మోకాలి లోతున నిలబడి రెండు చేతులూ నీళ్ళలో పెట్టాడు. ముందు గాలాలు వచ్చాయి, తరవాత తుప్పుపట్టిన బోల్టులు, గొలుసు ముక్కలు, ఎవరిదో విరిగిన కత్తి. అన్నీ వచ్చి మోచేతుల దాకా పట్టుకున్నాయి. చిట్టెమ్మ ఒడ్డున నిలబడి ఒక్కొక్కటీ చూస్తోంది. పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా చిన్నదేదో అతని అరచేతిలోకి వచ్చి కూర్చుంది.

మామూలుగా అతన్ని పట్టుకున్న ఇనుము గట్టిగా గీకితే గాని ఊడదు. ఈ ఉంగరాన్ని మాత్రం చిట్టెమ్మ రెండు వేళ్ళతో ముట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది. తుప్పు తిని బాగా పల్చబడింది. పైటతో తుడిచింది, తన వేలికి పెట్టుకుని చూసుకుంది. "ఓ నాయనోయ్, నాను గుమ్మం కాడే కూకున్నాను గదయ్యో!" అని ఇసుకలో కూలబడింది. ఆ ఏడుపు విని పేటలో ఆడవాళ్ళంతా వచ్చారు. ఏమైందని ఎవరూ అడగలేదు. చుట్టూ కూర్చుని ఆవిడతో పాటు ఏడ్చారు. తాతబాబు చేతులకున్న ఇనుమంతా ఎప్పుడు నీళ్ళలోకి జారిపోయిందో అతనే చూసుకోలేదు.

చీకటి పడేముందు ఆవిడ తల తిప్పకుండానే పిలిచింది.

"ఒరే. పదో రోజు పుట్టింటోళ్ళు సీర తేవాల. నాకు పుట్టింటోళ్ళు ఎవులూ నేరు."

"నా సేత్తోనా అప్పా?"

"మరి తమ్ముడివి నువ్వు గాక ఇంకెవులున్నారురా?"

దర్భలతో మనిషి బొమ్మ చేసి, దాని పక్కన ఉంగరం పెట్టి కర్మ జరిపించారు. పదో రోజున తాతబాబు తెల్లచీర పట్టుకెళ్ళాడు. బట్టల కొట్టువాడు దానికి గుచ్చిన గుండుసూది గుచ్చినట్టే ఉంది. దారి పొడుగునా అది కదులుతుందేమోనని చూసుకుంటూనే ఉన్నాడు. చీర ఇస్తుంటే ఆవిడ అతని మొహం చూడలేదు, చీర మాత్రం రెండు చేతులతో అందుకుంది. మర్నాడు ఆ ఇంటి తలుపు ఊడదీయించి, సామానుతో పాటు ఎగువ కాలనీకి చేరింది. వారం తిరక్కుండా పోటు వచ్చి పాత గుమ్మాన్ని పట్టుకుపోయింది.

దాచిన పేజీ పుస్తకంలోకి ఎక్కింది. అందులో 'రెండుసార్లు' కొట్టేసి 'మూడుసార్లు' అని రాశాడు. "పోలీసులు చదివితేనో?" అంది మేడం. "సదవనీండి," అన్నాడు.

అడితిలో దూలం మీద చెయ్యి ఆనిస్తే ఇప్పుడు ఒక్క మేకూ లేవదు. కరీంభాయి చూశాడు, లోపలికెళ్ళి పట్టకారు తెచ్చిచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

నెల దాటాక ఒక బుధవారం చిట్టెమ్మ గంపతో వచ్చింది. నుదురు బోసిగా ఉంది. తక్కెడ తీసింది, రాళ్ళు పక్కన పెట్టింది. రాళ్ళు పెట్టినచోటే ఉన్నాయి. ఆవిడ వాటినీ, అతన్నీ ఒకసారి చూసి, నెత్తళ్ళు తూచి పొట్లం కట్టింది.

తాతబాబు పొట్లం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆవిడ లేచింది, పైట సర్దుకుంది. ఎప్పుడూ అడిగే ఆ మాట కోసం అతను అలవాటుగా తల వంచుకున్నాడు.

"గంప ఎత్తురా," అంది చిట్టెమ్మ.

ఎత్తాడు. ఇంకేమీ అడక్కుండా ఆవిడ రోడ్డు దాటి వెళ్ళిపోయింది.